షరీఅత్: నీటి రేవుకు చేరే బాట

 

‘షరీఅత్’ అనే మాట మనం తరచుగా వింటూనే ఉంటాం. ఆ మాట చెవిన పడగానే కొందరికి శిక్షలు గుర్తుకు వస్తాయి, కొందరికి కోర్టు తగాదాలు గుర్తుకు వస్తాయి. కాని అరబ్బుల వాడుకలో ఈ పదానికి ఉన్న మొదటి అర్థం వేరు. మనుషులు, పశువులు నీటి దగ్గరకు దిగే బాటను వారు షరీఅత్ అనేవారు. ఎడారిలో ఆ బాట ఎరిగినవాడు బతికేవాడు. దాన్ని తప్పినవాడు నీరు దగ్గరలోనే ఉన్నా దాహంతో చనిపోయేవాడు.

అల్లాహ్ తన చట్టానికి ఈ పేరు రావాలని కోరాడంటే అందులో మనకు గొప్ప పాఠం ఉంది. బాట వేసినవాడు అల్లాహ్. నడవాల్సింది మనం. బాట గురించి ఎంత గొప్పగా ప్రసంగించినా గొంతు తడవదు. ఆ బాటను అర్థం చేసుకోవడాన్ని ‘ఫిఖ్హ్’ అన్నారు. అర్థం చేసుకోవడానికి శక్తినంతా ధారపోయడాన్ని ‘ఇజ్తిహాద్’ అన్నారు. చట్టం దైవానిది కనుక అందులో లోపం లేదు. అర్థం చేసుకోవడం, అమలు చేయడం మన పని కనుక ఆ రెండింటిలోనూ మనం పొరబడవచ్చు. మేమూ పొరబడ్డాం. ఆ సంగతే ఈ నెల మీ ముందు ఉంచుతున్నాం.

కాలువ గట్టున విన్న ఫిర్యాదు

కొంతకాలం క్రితం, నాట్ల రోజుల్లో, సంగం జాగర్లమూడిలో ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళాం. గుంటూరు నుంచి తెనాలి వెళ్ళే రైలు మార్గంలో ఉన్న ఊరు అది. ఇంటి పెద్ద మరణించి నెల దాటింది. వారి గోప్యత దృష్ట్యా పేర్లు చెప్పడం లేదు.

ఆ ప్రాంతమంతా కృష్ణా పశ్చిమ డెల్టా. విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చిన తరువాత కూడా, ఇక్కడి మాగాణికి కాలువ నీరే ప్రాణం. అస్ర్ నమాజు తరువాత ఆ ఇంటి చిన్న కుమారుడు మమ్మల్ని పొలం వైపు తీసుకువెళ్ళాడు. బోదెలో నీరు చాలా పలుచగా పారుతోంది. అతను ఆవేదనతో చెప్పుకొచ్చాడు: “చూడండి మౌలానా సాబ్! ఎగువ పొలమాయన రాత్రికి రాత్రి బోదెకు అడ్డుకట్ట వేసేస్తాడు. తన చేను నిండి పొంగిపోతున్నా వదలడు. మా వంతు వచ్చేసరికి బురదే మిగులుతుంది. అడిగితే రేపు, ఎల్లుండి అంటాడు. అసలు న్యాయం అనేది లేదా?”

న్యాయం ఉంది. చట్టమూ ఉంది. మన రాష్ట్రంలో 1997లోనే సాగునీటి నిర్వహణలో రైతులకు భాగం కల్పిస్తూ చట్టం వచ్చింది, నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. అయినా కాలువ చివర, రేపల్లె, నిజాంపట్నం వైపు రైతులు నీటి కోసం ఎదురుచూసే రోజులు ఇప్పటికీ ఉన్నాయి. తూము దగ్గర ఉన్నవాడి మనసు మారకపోతే నీరు చివరి మడికి చేరదు.

మేము అతనికి మదీనాలో జరిగిన ఒక సంఘటన వినిపించాం. హజ్రత్ జుబైర్ (రజి)కీ ఒక అన్సారీ సహచరునికీ మధ్య ఖర్జూర తోటలకు పారే నీటి విషయంలో తగాదా వచ్చింది. జుబైర్ (రజి) తోట ఎగువన ఉంది. విషయం దైవప్రవక్త (స) వద్దకు చేరింది. తోట తడుపుకొని, ఆ తరువాత నీటిని పొరుగువానికి వదిలేయమని ఆయన జుబైర్ (రజి)కు చెప్పారు. అన్సారీకి అది నచ్చలేదు. జుబైర్ మీ మేనత్త కొడుకు కనుకే ఇలా చెప్పారన్నట్లు మాట్లాడాడు. ప్రవక్త (స) ముఖ కవళికలు మారిపోయాయి. అప్పుడు ఆయన జుబైర్ (రజి)కు తన పూర్తి హక్కు తీసుకోమని, నీరు పాదుల గట్లను తాకే వరకూ నిలుపుకొని ఆ తరువాతే వదలమని తీర్పు ఇచ్చారు. అన్నిసా సూరాలోని 65వ ఆయతు ఈ సందర్భంలోనే అవతరించిందని తాను భావిస్తున్నట్లు జుబైర్ (రజి) చెప్పేవారు. ప్రవక్త (స) తీర్పును మనసులో ఏ మాత్రం సంకోచం లేకుండా అంగీకరించే వరకూ విశ్వాసం పరిపూర్ణం కాదన్నది ఆ ఆయతు సారాంశం. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

ఆ యువకుడు ఎంతో సంతోషించాడు. “ఈ మాట మా ఎగువాయనకు కూడా చెప్పాలి మౌలానా” అన్నాడు. మేము కూడా మంచి ఉపన్యాసం చేశామనుకున్నాం. ఇంకో గంటలో ఆ హదీసు మా మీదికే తిరగబోతోందని మాకు తెలియదు.

ఇంట్లో సిద్ధంగా ఉన్న కాగితం

మగ్రిబ్ తరువాత ఇంట్లో కూర్చోబెట్టి, పెద్ద కుమారుడు ఒక కాగితం మా ముందు పెట్టాడు. తండ్రి వదిలి వెళ్ళినది నాలుగెకరాల మాగాణి. వారసులు భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. ఆ కాగితం హక్కు విడుదల పత్రం. ముగ్గురు చెల్లెళ్ళూ తమ భాగాన్ని అన్నదమ్ములకు వదిలేస్తున్నట్లు రాసి ఉంది. మరుసటి రోజు రిజిస్ట్రేషన్. “వాళ్ళు ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారు మౌలానా. మీరు దుఆ చేసి ఒక్క మాట చెబితే చాలు” అన్నాడాయన.

మేము తర్కా గురించి నాలుగు మాటలు చెప్పి, వారసులు తమ ఇష్టంతో వదులుకుంటే అభ్యంతరం లేదన్నాం. ఫిఖ్హ్ గ్రంథంలో ఉన్న మాటే అది. తప్పు కాదు.

అప్పుడు తెర వెనుక నుంచి చిన్న చెల్లెలు నెమ్మదిగా అడిగింది: “మౌలానా సాబ్! నేను నోరు తెరిచి అడగకపోతే అది నా హఖ్ కాకుండా పోతుందా?”

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మాకు కూడా వెంటనే సమాధానం రాలేదు. చట్టం చెప్పాం గాని, ఆ చట్టం ఎవరి కోసం వచ్చిందో మరిచిపోయి చెప్పాం.

సఅద్ కూతుళ్ళ కథ

వారసత్వ ఆయతులు ఎలా అవతరించాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) వద్దకు వచ్చింది. వీళ్ళ బాబాయి ఆస్తి మొత్తం తీసేసుకున్నాడని, ఆస్తి లేకపోతే ఈ పిల్లలకు పెళ్ళిళ్ళు ఎలా అవుతాయని మొరపెట్టుకుంది. అప్పటి ఆచారం ప్రకారం ఆ బాబాయి చేసింది తప్పు కాదు. గుర్రమెక్కి యుద్ధం చేయగలవాడికే వారసత్వం అన్నది ఆనాటి కట్టుబాటు. ప్రవక్త (స) తన సొంత అభిప్రాయం చెప్పలేదు. అల్లాహ్ తీర్పు కోసం ఎదురుచూశారు. వారసత్వ ఆయతు అవతరించింది. వెంటనే ఆ బాబాయిని పిలిపించి, మూడింట రెండు వంతులు కూతుళ్ళకు, ఎనిమిదో వంతు వారి తల్లికి ఇచ్చి, మిగిలింది తీసుకోమన్నారు. ఇది తిర్మిజీ, అబూ దావూద్‌లలో ఉంది.

గమనించండి! ఆ పిల్లలు తమ హక్కును నోరు తెరిచి అడగలేదు. తల్లి వచ్చి అడిగింది. వారసత్వ చట్టం అడగలేనివారి తరఫున ఆకాశం నుంచి వచ్చిన సమాధానం. ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా అందులో పురుషులకు భాగం ఉన్నట్లే స్త్రీలకూ భాగం ఉందని, అది నిర్ణయమైపోయిన భాగమని అన్నిసా సూరా 7వ ఆయతు స్పష్టం చేస్తోంది. అన్న దయ తలచి ఇచ్చేది కాదది. తండ్రి కన్ను మూసిన క్షణంలోనే అది చెల్లెలిదైపోయింది. ఆమె అడిగినా ఆమెదే, అడగకపోయినా ఆమెదే.

దయ ఎవరిని అడగాలి?

ఇప్పుడు జుబైర్ (రజి) సంఘటనను మరోసారి చూడండి. ప్రవక్త (స) మొదట ఇచ్చిన సలహాలో దయ ఉంది. తన పూర్తి హక్కు కన్నా తక్కువతో సరిపెట్టుకోమని అడిగారు. ఎవరిని? నీరు తన చేతిలో ఉన్న ఎగువవానిని! దిగువన ఉండి ఎదురుచూస్తున్నవానిని త్యాగం చేయమనలేదు.

మనం ఏం చేస్తున్నాం? భూమి, పాసుపుస్తకం, కౌలు డబ్బు అన్నీ అన్నల చేతిలో ఉంటాయి. త్యాగం మాత్రం చెల్లెళ్ళను అడుగుతాం. ఎగువన కూర్చొని దిగువవారిని దయ చూపమంటాం! అదే పొలంలో, అదే సాయంత్రం, ఎగువ రైతు అన్యాయం గురించి వాపోయిన యువకుడే తన చెల్లెలికి ఎగువ రైతు. మనలో ప్రతి ఒక్కరమూ ఒకరికి దిగువన ఉంటాం, మరొకరికి ఎగువన ఉంటాం. పైనుంచి నీరు రానప్పుడు మాత్రమే మనకు చట్టం గుర్తుకు వస్తుంది.

‘ఇష్టంతో ఇస్తున్నారు’ అన్న మాటను కూడా నిజాయితీగా పరీక్షించుకోవాలి. ఒక ముస్లిం సొమ్ము అతని మనసు పూర్తిగా ఒప్పుకుంటే తప్ప మరొకరికి ధర్మసమ్మతం కాదన్నది ప్రవక్త (స) బోధన. సంతకం పెట్టకపోతే రేపటి నుంచి పుట్టింటి గడప తొక్కలేనేమోనన్న భయంతో, నలుగురి ముందు మొహమాటంతో, ఎలాగూ ఇవ్వరన్న నిరాశతో పెట్టిన సంతకంలో మనసు ఎక్కడుంది? అందుకే మన ఉలమా ఎందరో ఒక జాగ్రత్త చెబుతూ వచ్చారు. ముందు పంచండి. ఆమె భాగాన్ని ఆమె పేరిట, ఆమె చేతికి అప్పగించండి. అమ్ముకునే, కౌలుకిచ్చుకునే స్వేచ్ఛ వచ్చాక, ఎవరూ అడగకుండా ఆమె తిరిగి కానుకగా ఇస్తే అది కానుక.

తీర్పు గెలిచినా నిప్పు నిప్పే

కాగితం రిజిస్టరయింది, చట్టప్రకారం మాదే అనేవారు మరో సంఘటన వినాలి. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు. పాతబడిపోయిన ఒక వారసత్వ తగాదాతో ఇద్దరు వ్యక్తులు ప్రవక్త (స) వద్దకు వచ్చారు. ఇద్దరికీ సాక్ష్యాలు లేవు. తానూ మానవుడినేనని, ఒకరు తమ వాదనను మరొకరికన్నా నేర్పుగా వినిపించవచ్చని, విన్నదాన్ని బట్టే తాను తీర్పు చెబుతానని ఆయన వారికి చెప్పారు. ఆ తీర్పు వల్ల సోదరుని హక్కులో ఏదైనా తనకు వచ్చేస్తే దాన్ని ముట్టవద్దని, అది అగ్ని ముక్క అని హెచ్చరించారు. ఆ మాట వినగానే ఇద్దరూ ఏడ్చేశారు. నా హక్కు నీకే అని ఒకరితో ఒకరు అన్నారు. ప్రవక్త (స) అక్కడితో ఊరుకోలేదు. ఇద్దరూ పంచుకోమని, ఏది న్యాయమో శ్రద్ధగా వెతకమని, చీటీలు వేసుకొమ్మని, ఆ తరువాత ఒకరినొకరు క్షమించుకోమని చెప్పారు.

సోదరులారా! ప్రవక్త (స) స్వయంగా ఇచ్చిన తీర్పే పరాయి సొమ్మును హలాల్ చేయలేనప్పుడు, సబ్ రిజిస్ట్రార్ ముద్ర చేస్తుందా? మాలాంటి వారి ఫత్వా చేస్తుందా? కన్నీళ్ళు వచ్చినా సరే, కొలిచి పంచుకోవాల్సిందేనన్నది మరో పాఠం. మంచితనం లెక్కకు బదులు రాదు. లెక్క తేలిన తరువాత వస్తుంది.

రెండు రకాల శ్రమ

చట్టాన్ని చేరుకోవడానికి మనిషి పడాల్సిన శ్రమ రెండు విధాలు. ఒకటి తెలుసుకునే శ్రమ, రెండోది ఇచ్చే శ్రమ.

తెలుసుకునే శ్రమలో సహాబా ఎంత వినయం చూపారో చూడండి. ఒక నాయనమ్మ లేక అమ్మమ్మ వచ్చి తన భాగం అడిగితే, ఖలీఫా అబూబక్ర్ (రజి) తెలియదని ఒప్పుకున్నారు. ప్రజలను అడిగి చెబుతానన్నారు. ప్రవక్త (స) ఆరో వంతు ఇవ్వగా చూశానని ముగీరా (రజి) చెప్పారు. మరో సాక్షి ఉన్నారా అని అడిగారు. ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) బలపరిచాక ఆమె భాగం ఆమెకు ఇప్పించారు. అబూ మూసా (రజి) ఒక వారసత్వ సమస్యలో మనుమరాలిని వదిలేసి పంచగా, ఇబ్నె మస్‌ఊద్ (రజి) కూతురికి సగం, కొడుకు కూతురికి ఆరో వంతు, మిగిలింది సోదరికి అని సరిదిద్దారు. అబూ మూసా (రజి) చిన్నబుచ్చుకోలేదు. ఇంతటి పండితుడు మీ మధ్య ఉండగా నన్ను అడగవద్దని ప్రజలకు చెప్పారు. హజ్రత్ ఉమర్ (రజి) ముందు మరో చిక్కు సమస్య వచ్చింది. ఒక స్త్రీ భర్తను, తల్లిని, తల్లి ఒకరే అయిన సోదరులను, సొంత సోదరులను వదిలి మరణిస్తే, నిర్ణీత భాగాలు పోగా సొంత సోదరులకు ఏమీ మిగలడం లేదు. ఒకసారి అలాగే తీర్పు చెప్పారు. మరోసారి వారినీ భాగంలో కలిపారు. అది అప్పటి మా నిర్ణయం, ఇది ఇప్పటి మా నిర్ణయం అన్న భావంతో వివరించారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) మొదటి తీర్పు వైపు, ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫిఈ (రహ్మలై) రెండో తీర్పు వైపు మొగ్గారు. శక్తి కొద్దీ శ్రమించి సరైన తీర్పు చెప్పిన న్యాయాధిపతికి రెండు పుణ్యాలు, పొరబడితే ఒక పుణ్యం అన్న శుభవార్త ఇలాంటివారి కోసమే.

అయితే కూతురి భాగం అలాంటి చిక్కు సమస్య కాదు. ఖుర్ఆన్ దాన్ని లెక్కతో సహా చెప్పేసింది. అక్కడ ఇజ్తిహాద్‌కు చోటు లేదు. అక్కడ మిగిలింది ఇచ్చే శ్రమ మాత్రమే. పోరాడాల్సింది మన నఫ్స్‌తో. నిజం చెప్పాలంటే తెలుసుకునే శ్రమ కన్నా ఇదే కష్టం.

మనం చెప్పుకొనే సాకులు

పెళ్ళికి లక్షలు పెట్టాం కదా అంటారు. తండ్రి బతికుండగా ఇచ్చినది కానుక. అది తర్కాలో నుంచి తీసివేయబడదు. పైగా కట్నం ఇచ్చింది వరుడికి, అడగకూడనిది అడిగినందుకు. దాని శిక్ష చెల్లెలి భాగానికా?

అమ్మను మేమే చూసుకుంటున్నాం అంటారు. సేవకు స్వర్గం ఉంది. ఆమె ఎనిమిదో వంతు కూడా ఆమెకు ఉంది. నాన్న ఆసుపత్రి ఖర్చు నేనే భరించాను అంటారు. అప్పుగా ఇచ్చినట్లు రుజువుంటే పంపకానికి ముందే తీసుకోండి. కొడుకుగా చేసిన ఖర్చయితే దాని బదులు అల్లాహ్ వద్ద ఉంది.

ప్రభుత్వ చట్టం వేరుగా ఉంది అనే సాకు కూడా మన ప్రాంతంలో నిలవదు. 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కాని మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. అప్పటికి గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అంటే ఇక్కడ మాగాణికీ షరీఅత్ భాగాలే వర్తిస్తాయి. హిందూ సోదరుల ఇళ్ళలోనూ కూతుళ్ళకు పుట్టుకతోనే వాటా కల్పిస్తూ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచి చట్టం అమలులోకి వచ్చింది. అక్కడ కూడా ఎందరో ఆడబిడ్డలు విడుదల పత్రాల మీద సంతకాలు చేస్తూనే ఉన్నారు. చట్టం కాగితం మీదికి రావడం ఒక ఎత్తు, ఇంటి గడప దాటి లోపలికి రావడం మరో ఎత్తు.

తండ్రిని ముందే పోగొట్టుకున్న మనుమల సంగతీ మరువకూడదు. కొడుకు బతికుండగా చనిపోయిన కొడుకు పిల్లలకు నిర్ణీత భాగం రాదు. కాని తాత తన ఆస్తిలో మూడో వంతు వరకూ వారికి వసీయత్ చేయవచ్చు. ఈజిప్టు 1946లో దీన్ని తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. కనుక ఆ బాధ్యత బతికున్న తాత భుజాల మీదే ఉంది.

చేయాల్సింది ఇదీ

మరణించినవారి ఖనన ఖర్చులు, ఆ తరువాత అప్పులు, భార్యకు మహర్ బాకీ ఉంటే అదీ తీర్చాలి. తరువాత మూడో వంతుకు మించని వసీయత్. మిగిలింది వారసులందరికీ. ఆలస్యం చేయకండి. ఏళ్ళు గడిస్తే ఒకరి తర్వాత ఒకరు మరణించి భాగాలు చిక్కుముడి పడతాయి, కలిసి తిన్న కౌలు డబ్బంతా మెడకు చుట్టుకుంటుంది.

ఆ రాత్రి మేము మా మొదటి మాటను వెనక్కు తీసుకున్నాం. పొరపాటుగా చెప్పామని అందరి ముందు ఒప్పుకొని, కాగితం వెనుక లెక్క రాశాం. నాలుగెకరాల్లో తల్లికి ఎనిమిదో వంతు, అంటే 50 సెంట్లు. కొడుకుకు ఇద్దరు కూతుళ్ళ భాగం చొప్పున మిగిలిన మూడున్నర ఎకరాలు ఏడు భాగాలు. ముగ్గురు చెల్లెళ్ళకు తలా 50 సెంట్లు, ఇద్దరు అన్నలకు తలా ఎకరం. పెద్దాయన ముఖం గంభీరమైంది. మాకు టీ ఇచ్చారు గాని ఎక్కువ మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో మా మనసూ తేలికగా లేదు. ఎందుకంటే మా సొంత ఇంట్లో, మా ఫుప్పు భాగం గురించి మా పెద్దలూ అడగలేదు, మేమూ అడగలేదు. ఆమె కూడా ఏనాడూ నోరు తెరవలేదు. ఇన్నేళ్ళూ ఆ మౌనాన్నే అంగీకారం అనుకున్నాం.

కొన్ని నెలల తరువాత ఆ చిన్న కుమారుడే ఫోన్ చేశాడు. సర్వేయర్‌తో కొలిపించి హద్దులు వేశారట. ఒక చెల్లెలు తన భాగాన్ని పెద్దన్నకే ధర కట్టి అమ్మింది. మరొకరు తమ్ముడికి కౌలుకిచ్చింది. చిన్న చెల్లెలు మాత్రం ఏమీ తేల్చలేదు, తన పేరిట పాసుపుస్తకం వస్తే చాలంది. “పెద్దన్న ఇంకా మీ మీద కొంచెం కోపంగానే ఉన్నాడు మౌలానా” అని నవ్వాడు. ఎగువ రైతు సంగతి అడిగితే, అతను ఇంకా మారలేదన్నాడు. “కాని ఇప్పుడు అడగడానికి నాకు నోరు వస్తోంది” అన్నాడు.

మేము కూడా మా ఫుప్పు దగ్గరకు వెళ్ళాం. ఆ లెక్క ఇంకా పూర్తి కాలేదు. పూర్తయ్యే వరకూ మా కోసం కూడా దుఆ చేయండి.

ప్రియ పాఠకులారా! ఈ వ్యాసం చదివిన తరువాత మీ ఇంట్లో ఒక్క ప్రశ్న వేసుకోండి: మన గట్టు దగ్గర ఆగిపోయిన నీరు ఎవరిది?

ఓ అల్లాహ్! నీ చట్టాన్ని తెలుసుకునే వివేకాన్ని, తెలిసినదాన్ని అమలు చేసే ధైర్యాన్ని మాకు ప్రసాదించు. అడగలేనివారి హక్కు మా చేతుల్లో ఉంటే, మరణానికి ముందే దాన్ని తిరిగి ఇచ్చే భాగ్యం కలిగించు. ఆమీన్.